కిట్‌తో బుక్‌షెల్ఫ్ స్పీకర్లు: డబ్బా కొలతలు మార్చొచ్చా? వైజాగ్ ఉప్పుగాలికి ఏ బోర్డు?

ఋషికొండ_రాగం:

నమస్కారమండీ. టూవే బుక్‌షెల్ఫ్ కిట్ ఒకటి తెప్పించాను. 6.5 అంగుళాల పేపర్ కోన్ ఊఫర్, అంగుళం సిల్క్ డోమ్ ట్వీటర్, క్రాసోవర్ (స్వరాలని ఊఫర్‌కీ ట్వీటర్‌కీ పంచే సర్క్యూట్) సామాను, టెర్మినళ్లు, పోర్టు గొట్టాలు (డబ్బాలోంచి గాలి ఆడేవి) వచ్చాయి. చెక్క డబ్బా మనమే చేయించుకోవాలి. డ్రాయింగ్ ప్రకారం బయటి కొలత వెడల్పు 21, ఎత్తు 36, లోతు 28 సెం.మీ. బోర్డు 18 మి.మీ. అన్నీ పోగా లోపల 12 లీటర్లు మిగలాలి, పోర్టు ట్యూనింగ్ 48 హెర్ట్జ్. ట్వీటర్ సెంటర్ పైనుంచి 8 సెం.మీ., ఊఫర్ సెంటర్ 24 సెం.మీ. క్రాసోవర్ 2,200 హెర్ట్జ్ దగ్గర, లింక్‌విట్జ్-రైలీ నాలుగో ఆర్డర్ (రెండు డ్రైవర్ల స్వరాలని నిటారుగా విడదీసే రకం) అని రాసి ఉంది.

ఇప్పుడు సందేహాలు. మాది ఋషికొండ దగ్గర మూడో అంతస్తు, బాల్కనీ తలుపు తీస్తే సముద్రమే. డ్రాయింగులో ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే బోర్డు) అని ఉంది. కార్పెంటరు "ఎండీఎఫ్ వద్దు సార్, తేమకి ఉబ్బిపోద్ది, మెరైన్ ప్లై ఏసేద్దాం" అంటున్నాడు. రెండోది, గోడ షెల్ఫులో ఒక్కో అర (గడి) ఎత్తు 33 సెం.మీ. మాత్రమే. స్పీకర్లు అడ్డంగా పడుకోబెట్టాలా, లేక ఎత్తు 32కి తగ్గించి వెడల్పు 26 చేసేయొచ్చా? లీటర్లు సరిపోతే చాలు కదా? పోర్టు గొట్టాల్లో ఒకటి దారిలోనే పగిలింది, దాని బదులు 63 మి.మీ. పీవీసీ నీళ్ల పైపు వాడదామనుకుంటున్నాను. ఇంకొకటి, కిట్‌లో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఇచ్చారు. వాటిని ఫిల్మ్ (ప్లాస్టిక్ పొర) రకానికి మారిస్తే తేడా ఉంటుందా?

గది 12 × 11 అడుగులు, 50 వాట్ల క్లాస్-డి యాంప్.

కంచరపాలెం_క్రాసోవర్:

లీటర్లు సరిపోతే చాలు అన్నది ఊఫర్ ఒక్కదానికే, అదీ బేస్ వరకే నిజం. ముందు పలక వెడల్పు, దాని మీద డ్రైవర్లు (ఊఫర్, ట్వీటర్) ఎక్కడ కూర్చున్నాయన్నది క్రాసోవర్ డిజైన్‌లో భాగం. అది ముట్టుకోకండి.

ఎందుకంటే కింది స్వరాలు డబ్బాని చుట్టి వెనక్కి కూడా పోతాయి, పై స్వరాలు ముందుకే వస్తాయి. రెంటికీ మధ్య లెక్క ప్రకారం 6 డెసిబెల్స్ తేడా. ఈ మెట్టు ఎక్కడ పడుతుందో ఉజ్జాయింపుగా తెలియాలంటే 115ని పలక వెడల్పుతో, మీటర్లలో, భాగించండి. 21 సెం.మీ.కి 548 హెర్ట్జ్, 26 సెం.మీ.కి 442 హెర్ట్జ్. మీ ఊఫర్‌కి సిరీస్‌లో ఉన్న కాయిల్ విలువ ఆ 548ని లెక్కలో పెట్టుకునే ఎంచారు. వెడల్పు పెంచితే గొంతు ఉండే ప్రాంతంలోనే బరువు తప్పుతుంది. ట్వీటర్ నుంచి పక్క అంచుల దూరం మారితే పైన ఎగుడుదిగుళ్లూ మారతాయి.

పైగా ఎత్తు 32 అసలు కుదరదు. ఊఫర్ ఫ్రేమ్ వ్యాసం సుమారు 17.8 సెం.మీ. ఉంటుంది. సెంటర్ 24 దగ్గరుంటే కింది అంచు 33కి దగ్గరగా వస్తుంది. అది 32 ఎత్తు పలకలో పట్టాలంటే డ్రైవర్లని పైకి జరపాలి, అంటే మళ్లీ మొదటి సమస్యే.

పడుకోబెట్టడం ఇంకా ఘోరం. డ్రైవర్ల సెంటర్ల మధ్య 16 సెం.మీ. ఉంది. 2,200 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 15.6 సెం.మీ. మీరు నడిమి గీత నుంచి సుమారు 29 డిగ్రీలు పక్కకి జరిగితే రెండు డ్రైవర్ల దూరాల్లో సగం తరంగం తేడా వచ్చి, ఆ స్వరం దాదాపు కొట్టుకుపోతుంది. నిలబెడితే ఆ గుంట పైకీ కిందికీ పడుతుంది, అక్కడ ఎవరూ కూర్చోరు. పడుకోబెడితే సోఫా చివర కూర్చున్నవాళ్లకి తగులుతుంది.

మార్చుకోగలిగింది లోతు మాత్రమే, అదీ లోపలి లీటర్లు చెడకుండా. మీకైతే ఆ అవసరమూ లేదు. కార్పెంటరు ఎలాగూ వస్తున్నాడు కదా, షెల్ఫులో ఆ అరకి పైనున్న పలకని 6 సెం.మీ. పైకి జరిపించండి. దానికన్నా షెల్ఫ్ పైన గానీ స్టాండ్ల మీద గానీ పెట్టడం మేలు. కూర్చున్నప్పుడు చెవి ఎత్తుకి ట్వీటర్ రావాలి, వెనక పోర్టుకీ గోడకీ మధ్య 15 సెం.మీ. వదలాలి. అరలో దూరిస్తే మూడు వైపులా చెక్క, వెనక గోడ, బేస్ బుంగలో మాట్లాడినట్టు అయిపోతుంది. తప్పదంటే పోర్టులో ఫోమ్ ముక్క దూర్చి చూడండి.

పోర్టు. ఇక్కడ జాగ్రత్త. మన పీవీసీ పైపు సైజు చెప్పేది బయటి వ్యాసం. 63 పైపు లోపల సుమారు 58 మి.మీ. ఉంటుంది, ప్రెషర్ క్లాసుని బట్టి మారుతుంది, వెర్నియర్‌తో కొలవాలి. పొడవు లెక్క ఇది: 23,562ని వ్యాసం వర్గంతో గుణించి, దాన్ని ఫ్రీక్వెన్సీ వర్గం × లీటర్లతో భాగించి, వచ్చినదాంట్లోంచి వ్యాసానికి 0.732 రెట్లు తీసేయాలి. వ్యాసం, పొడవు సెంటీమీటర్లలో. 5 సెం.మీ. గొట్టానికి 17.6 సెం.మీ. వస్తుంది. 5.8కి 24.4 సెం.మీ. మీ డబ్బాలో వెనక పలక బయటి ముఖం నుంచి ముందు పలక లోపలి ముఖం దాకా ఉన్నదే 26.2. అంటే గొట్టం నోటి ముందు 1.8 సెం.మీ. మిగులుతుంది. కనీసం గొట్టం వ్యాసమంత ఖాళీ లేకపోతే గాలి ఆడదు, ట్యూనింగ్ కూడా లెక్క తప్పుతుంది.

50 మి.మీ. పైపు తీసుకోండి. లోపల 46 వచ్చిందనుకుంటే పొడవు 14.7 సెం.మీ. కోసిన రెండు చివర్లూ లోపలి వైపు శాండ్ పేపర్‌తో గుండ్రం చేయండి, లేకపోతే గట్టిగా పెట్టినప్పుడు 'ఫుస్' మంటుంది. రెండు స్పీకర్లకీ ఒకటే పైపు వాడండి, ఒకదానికి కిట్‌ది, ఒకదానికి ఇది వద్దు.

ఆటోనగర్_చెక్కపొట్టు:

బోర్డు సంగతి. కార్పెంటరు చెప్పింది సగం నిజం. మామూలు ఎండీఎఫ్‌కి ముఖం పర్లేదు, కోసిన అంచే బలహీనం. తేమ అక్కడ దూరి పొంగితే మళ్లీ తగ్గదు. జూలై నుంచి నవంబర్ దాకా మన గాలి సంగతి తెలిసిందే.

మెరైన్ ప్లై, అంటే ఐఎస్ 710 ముద్ర ఉన్నది, నీళ్లకి తట్టుకుంటుంది. కానీ లోపలి పొరల్లో ఖాళీలుంటే స్పీకరుకి పనికిరాదు. ఊఫర్ కొడుతుంటే ఆ ఖాళీ దగ్గర పొర గిలగిలమంటుంది, అది ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవడం బ్రహ్మ తరం కాదు. పైగా డ్రైవర్ ఫ్రేమ్ కూర్చునే గాడి కోసినప్పుడు పొర చీలుతుంది.

మధ్యేమార్గం హెచ్‌డీహెచ్ఎంఆర్ (తేమని తట్టుకునేలా చేసిన గట్టి పీచు) బోర్డు. మాడ్యులర్ కిచెన్లకి వాడేదే. ఎండీఎఫ్‌లాగే నున్నగా కోతపడుతుంది, ఖాళీలుండవు, తేమకి చాలా నయం. బరువు ఎక్కువ, ఖాళీ డబ్బాయే ఏడు కిలోల దాకా తూగుతుంది. స్పీకరుకి అదీ మంచిదే. 8 × 4 షీటులో సగం, అంటే 4 × 4 ముక్క, రెండు డబ్బాలకీ సరిపోయి మిగులుతుంది.

జతకి కోత లెక్క: ముందు, వెనక పలకలు 21 × 36 నాలుగు. పక్కలు 24.4 × 36 నాలుగు. పైన, కింద, మధ్య పట్టీ కలిపి 17.4 × 24.4 ఆరు. పైన, కింద పలకలు పక్కల మధ్యలోకి వస్తాయి. రంపం మందం 3 మి.మీ. మార్కింగ్‌లో వదలమని చెప్పండి. 17.4 ముక్కలన్నీ గైడు కదపకుండా ఒకే సెట్టింగులో కోయించండి. ఒక్క మి.మీ. తేడా ఉన్నా మూలలో సందు, సందంటే గాలి లీకు.

మధ్య పట్టీకి చుట్టూ 3 సెం.మీ. అంచు వదిలి మధ్యలో కిటికీ కోసేయాలి. దాని మధ్య గీత డబ్బా పైనుంచి 14 సెం.మీ. దగ్గర పెడితే ట్వీటర్ రంధ్రానికీ ఊఫర్ రంధ్రానికీ నడుమ సరిగ్గా కూర్చుంటుంది. పోర్టు పై అరలో, ట్వీటర్ వెనక రావాలి. కిందికి దించితే ఊఫర్ మాగ్నెట్‌కి ఎదురుపడుతుంది.

ముందు పలక ఒక్కటీ సీఎన్‌సీలో కోయించండి. తలుపులకి జాలీ డిజైన్లు కోసేవాళ్లెవరైనా చేస్తారు. డ్రైవర్ చేతికొచ్చాక వెర్నియర్‌తో కొలిచి డ్రాయింగ్ ఇవ్వండి, డేటాషీటు నమ్మి ఇవ్వకండి. గాడి వ్యాసం ఫ్రేమ్ కన్నా 1 మి.మీ. ఎక్కువ ఉండాలి. పెయింటు మందం, వానాకాలపు ఉబ్బు రెండూ అందులోనే సర్దుకోవాలి. బిగుతుగా కోయించుకుంటే సరిగ్గా దిగుతుంది గానీ మళ్లీ ఊడదు. గాడి లోతు ఫ్రేమ్ మందం, గాస్కెట్ నొక్కుకున్నాక మిగిలే మందం కలిపి. ఊఫర్ రంధ్రానికి లోపలి వైపు 45 డిగ్రీల ఏటవాలు కొట్టించండి, స్క్రూలు పట్టే చోట్లు మాత్రం వదిలి. 18 మి.మీ. బోర్డులో తిన్నగా ఉన్న రంధ్రం ఊఫర్ వెనక సొరంగంలా పనిచేసి మిడ్ స్వరాలని మూసేస్తుంది.

జిగురు ఫెవికాల్ మెరైన్. క్లాంపులు బిగించి ఒక రాత్రి, వాన రోజుల్లో పూర్తిగా 24 గంటలు. మేకులు కొట్టి వదిలేస్తానంటే ఒప్పుకోవద్దు. ఆరాక లోపలి మూలలన్నిటా ఇంకో వరస జిగురు వేలితో పూయండి. తర్వాత లోపలి ముఖాలకి, ముఖ్యంగా రంధ్రాల కోసిన అంచులకి, శాండింగ్ సీలర్ రెండు కోట్లు. బయట ఎంత ఖరీదైన పాలిష్ వేసినా లోపల పచ్చిగా వదిలేస్తే పోర్టు గుండా తేమ లోపలికే పోతుంది.

బయట ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ కొట్టిస్తే వాన పడని రోజు చూసుకోండి. తేమ గాలిలో కొడితే పైన తెల్లగా మబ్బులా పడుతుంది. పీయూ (పాలీయూరిథేన్) అయితే ఆ బెడద తక్కువ.

డాల్ఫిన్‌నోస్:

ఎండీఎఫ్‌ని మరీ అంత భయపెట్టక్కర్లేదు. ఆరు వైపులా సీల్ చేసి పెయింట్ వేస్తే ఇక్కడా నిలుస్తుంది. అసలు భయపడాల్సింది డ్రైవర్ల ఇనుముకి. ఊఫర్ మాగ్నెట్ పైనా కిందా ఉండే ప్లేట్లు ఉక్కువి. డబ్బా తయారయ్యేదాకా డ్రైవర్లని సిలికా జెల్ పొట్లాలతో జిప్ కవర్లో ఉంచండి. చెక్క కోసే గదిలో అసలు పెట్టకండి. ఇనుప రజను ఒక్క నలుసు మాగ్నెట్ గాడిలోకి పోతే జన్మంతా గీరుకుంటూనే ఉంటుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్‌వి కొనండి, కిట్‌లో వచ్చిన నల్లవి మన దగ్గర ఏడాదిలో తుప్పు కారుస్తాయి.

ఓమ్‌కారం:

కెపాసిటర్ల ప్రశ్న మిగిలింది. ఊఫర్‌కి అడ్డంగా (సమాంతరంగా) ఉండేది ఎలక్ట్రోలిటికే ఉండనివ్వండి, అక్కడ పెద్ద విలువ ఫిల్మ్ కొనడం డబ్బు దండగ. ట్వీటర్‌కి సిరీస్‌లో ఉన్నది ఫిల్మ్ వేయండి. రకం కన్నా విలువ ముఖ్యం. ఎలక్ట్రోలిటిక్ మామూలుగా 10 శాతం అటూ ఇటూ ఉంటుంది, 5 శాతం ఫిల్మ్ తీసుకుని ఎల్‌సీఆర్ మీటర్‌తో (కెపాసిటర్, కాయిల్ విలువలు కొలిచేది) రెండూ దగ్గరగా ఉన్నాయో లేదో చూసుకోండి. కుడి ఎడమలు కలవకపోతే పాట రెండు స్పీకర్ల నడుమ నుంచి వస్తున్నట్టు వినపడదు.

కాయిల్ విషయంలో ఉత్సాహపడి మందం తీగది కొనకండి. కిట్ కాయిల్ రెసిస్టెన్స్ అర ఓం ఉంటే డిజైనర్ దాన్ని లెక్కలో వేసుకున్నాడు. 0.15 ఓంది పెడితే ఊఫర్ సుమారు అర డెసిబెల్ లేస్తుంది.

బోర్డు మీద అమరిక: రెండు కాయిల్స్ మధ్య కనీసం 10 సెం.మీ., ఒకటి పడుకుని ఒకటి నిలబడి. పక్కపక్కనే పడుకోబెడితే ఊఫర్ సిగ్నల్ ట్వీటర్ కాయిల్‌లోకి పాకుతుంది. కాయిల్ నడిమి రంధ్రంలోంచి ఇనుప స్క్రూ వేయొద్దు, విలువే మారిపోతుంది. జిప్ టై చాలు. సామాను అతికించడానికి పులుపు వాసన వచ్చే సిలికోన్ వాడకండి, అది రాగిని తింటుంది, న్యూట్రల్ రకం అడగండి. రెసిస్టర్‌ని బోర్డు నుంచి 5 మి.మీ. ఎత్తులో ఉంచండి, వేడెక్కుతుంది. వైరు తగరం పూత ఉన్న రాగిది. మామూలు రాగి పోగులు ఇక్కడ నల్లబడతాయి. ట్వీటర్ ట్యాగుల మీద సోల్డరింగ్ ఐరన్ మూడు సెకన్లకి మించి ఉంచకండి, ప్లాస్టిక్ మెత్తబడి ట్యాగ్ కదిలిపోతుంది. చేయి తిరగకపోతే క్రింప్ లగ్గులే మేలు.

డబ్బాలో దిండ్లలో పెట్టే పాలిస్టర్ దూది. గోడలకి పరచండి, పోర్టు నోటికి అడ్డం రానివ్వకండి. గ్లాస్ ఊల్ పోర్టు డబ్బాలో వద్దు, ఆ నూగు గదిలోకి వస్తుంది.

యాంప్ తగిలించే ముందు మల్టీమీటర్‌తో టెర్మినళ్ల మధ్య ఓములు చూసి ఇక్కడ రాయండి.

ఋషికొండ_రాగం:

అందరికీ చాలా థాంక్స్. అర పలక తీయించేశాను, స్పీకర్లు షెల్ఫ్ పైనే. బోర్డు హెచ్‌డీహెచ్ఎంఆర్, పోర్టులు రెండూ 50 పైపుతో. డబ్బాలు, క్రాసోవర్లు అయ్యాయి. మీటర్ పెడితే ఎడమది 6.5 ఓములు, కుడిది 2.4 చూపిస్తోంది. ఊఫర్ విడిగా 5.9, ట్వీటర్ విడిగా 5.2. ఊఫర్ కాయిల్ 0.5, ట్వీటర్ కాయిల్ 0.3. ట్వీటర్ వైపు వరస 3.3 ఓముల రెసిస్టర్, 5.6 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఆ తర్వాత నెగటివ్‌కి అడ్డంగా కాయిల్. కుడి ట్వీటర్ కాలిపోయిందా?

ఓమ్‌కారం:

లేదు, కాలితే మామూలుగా ఓములు పెరుగుతాయి, పైగా మీ ట్వీటర్ విడిగా 5.2 చూపిస్తోంది.

ఎడమది సరిగ్గా ఉంది. 5.9, 0.5 కలిపితే 6.4, మీటర్ వైర్లది ఇంకో 0.1. ట్వీటర్ శాఖలో కెపాసిటర్ డీసీని (మీటర్ పంపే ఒకే దిశ కరెంటుని) ఆపేస్తుంది కాబట్టి మీటర్‌కి ఊఫర్ ఒక్కటే కనపడాలి.

కుడిదాంట్లో కెపాసిటర్ ఆపడం లేదు. అది షార్ట్ అయ్యుంటే ట్వీటర్ శాఖ 3.3 రెసిస్టర్, దాని తర్వాత కాయిల్ 0.3 (ట్వీటర్ దీనికి పక్కనే ఉన్నా లెక్కకి రాదు), మొత్తం 3.6. దీన్ని 6.4తో సమాంతరంగా వేస్తే 2.3. మీటర్ వైర్లతో 2.4, మీ రీడింగ్ అదే. కాయిల్, కెపాసిటర్ స్థానాలు తారుమారై ఉంటే 3.3, 0.3, 5.2 వరసగా వచ్చి 8.8 అయ్యేది, అప్పుడు మీటర్ 3.7 దగ్గర చూపించేది. ఆ తప్పుతో యాంప్ పెడితే బేస్ అంతా ట్వీటర్‌లోకి పోయి అది నిజంగానే కాలేది. మీ తప్పులో కాయిల్ బేస్‌ని మింగేస్తుంది కాబట్టి ట్వీటర్‌కి వెంటనే ప్రాణాపాయం లేదు, యాంప్ ప్రొటెక్షన్‌లోకి పోతుంది.

బోర్డు తిరగేసి కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య చూడండి. కత్తిరించిన కాలు ముక్క ఇరుక్కోవడమో, సోల్డర్ పాకడమో అయ్యుంటుంది. ఒక కాలు ఊడదీసి కెపాసిటర్‌ని విడిగా కొలవండి. మీటర్ ఒక్క క్షణం కదిలి అనంతానికి పోతే అది బాగున్నట్టే.

ఋషికొండ_రాగం:

దొరికింది. కెపాసిటర్ కాళ్లు రెండూ బోర్డు కింద ఒకే రాగి ముక్కకి తగిలి ఉన్నాయి. ఇప్పుడు 6.5. ఇక పాట పెట్టేయొచ్చా? కొత్త స్పీకర్లు 100 గంటలు మోగించి అరగదీయాలంటారు?

కంచరపాలెం_క్రాసోవర్:

ఊఫర్ సస్పెన్షన్ మొదటి కొన్ని గంటల్లో కాస్త వదులవుతుంది. మిగతా గంటల్లో అరిగేది మన చెవే.

ముందు ఊఫర్ బిగించి, పోర్టుని అరచేత్తో గట్టిగా మూసి, కోన్‌ని రెండు వైపులా వేళ్లతో మెల్లిగా లోపలికి నొక్కి వదలండి. నింపాదిగా తిరిగొస్తే డబ్బా గాలిబిగువు. టక్కున వచ్చేస్తే ఎక్కడో లీకుంది, ఎక్కువసార్లు టెర్మినల్ ప్లేటు దగ్గరే. స్క్రూలు చేత్తోనే బిగించండి. ఇంపాక్ట్ డ్రైవర్ బిట్ జారితే మాగ్నెట్ దాన్ని తిన్నగా కోన్‌లోకి లాక్కుంటుంది.

1.5 వోల్టుల సెల్ ప్లస్‌ని ఊఫర్ ప్లస్‌కి తాకిస్తే కోన్ బయటికి రావాలి. రెండు ఊఫర్లకీ చూడండి, ట్వీటర్‌కి మాత్రం సెల్ పెట్టకండి. తర్వాత తక్కువ వాల్యూమ్‌లో ఒక్కో స్పీకరుకీ 2,200 హెర్ట్జ్ టోన్ ఇచ్చి, ట్వీటర్ ఎత్తులో ఎదురుగా మీటరు దూరంలో వినండి. ట్వీటర్ వైర్లు తిరగేసి మళ్లీ వినండి. మీ డిజైన్ నాలుగో ఆర్డర్ కాబట్టి డ్రాయింగ్ ప్రకారం కనెక్ట్ చేసినప్పుడు టోన్ నిండుగా ఉండి, తిరగేస్తే బాగా కుంగాలి. ఇందుకు విరుద్ధంగా జరిగితే ఎక్కడో ప్లస్ మైనస్ తారుమారైంది.

మైకుతో కొలిచే ఉద్దేశం ఉంటే ఆర్‌ఈడబ్ల్యూ (రూమ్ ఈక్యూ విజార్డ్) సాఫ్ట్‌వేర్ ఉచితం, యూఎస్‌బీ కొలత మైకు ఒకటి చాలు. అదే సాఫ్ట్‌వేర్‌తో సౌండ్ కార్డు, ఒక రెసిస్టర్ పెట్టి ఇంపెడెన్స్ (ఫ్రీక్వెన్సీని బట్టి మారే ఓములు) కూడా గీయొచ్చు. బేస్‌లో రెండు గుట్టలు, మధ్యలో లోయ కనపడతాయి. ఆ లోయ 48 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటే పైపు పొడవు సరిపోయింది. 52 దగ్గరుంటే పైపు పొట్టి అయింది, ఇంకాస్త పొడుగుది వేయండి. అందుకే పైపుని ముందే సిమెంట్‌తో అతికించకుండా టేపు చుట్టి బిగుతుగా దూర్చి పెట్టుకోండి. ఒక్క హెచ్చరిక: క్లాస్-డి యాంపుల్లో చాలావరకు రెండు టెర్మినళ్లూ డ్రైవ్ అవుతుంటాయి, అంటే మైనస్ గ్రౌండ్ కాదు. సౌండ్ కార్డు గ్రౌండ్‌ని యాంప్ మైనస్‌కి కలపకండి, యాంప్ పోతుంది. ఇంపెడెన్స్ కొలతని సౌండ్ కార్డు హెడ్‌ఫోన్ అవుట్‌తో చేసుకోండి.